పరగడుపున ఎండోస్కోపీకి వెళ్తే అన్నవాహికలో నిన్నటి అన్నం: ఒక అకలేషియా కేస్

మా ఓపీలో కూర్చుంటే రోజూ మొదట వినపడే మాట "గ్యాస్ సార్". ఛాతీలో మంట వచ్చినా గ్యాసే, కడుపు ఉబ్బినా గ్యాసే, వీపులో పోటు, తేన్పులు, నిద్ర పట్టకపోవడం అన్నీ గ్యాసే, ఆఖరికి గుండెపోటు వచ్చినా మనవాళ్లలో చాలామంది ముందు గ్యాస్ అనుకుని సోడా తాగి పడుకుంటారు. పేషెంట్ ఆ మాట అనడంలో తప్పేం లేదు, వాళ్లకి అందుబాటులో ఉన్న మాట అదే. కానీ డాక్టర్ కూడా విన్నది విన్నట్టు గ్యాస్ అని రాసేసుకుంటే ఏమవుతుందో ఈ అకలేషియా (గొంతు నుంచి కడుపుకి అన్నం దించే గొట్టం, అంటే అన్నవాహిక, దాని కింది గేటు తెరుచుకోని జబ్బు) కేస్ లో చూశా, అలా రాసుకున్న డాక్టర్లలో నేనూ ఒకణ్ణి. అందుకే మొత్తం వివరంగా రాస్తున్నా. ఆ పేషెంట్ ని అడిగి, ఆవిడ ఒప్పుకున్నాకే రాస్తున్నా, గుర్తుపట్టే వివరాలు కొన్ని మార్చాను.

నేను ఖమ్మంలో గ్యాస్ట్రో ప్రాక్టీస్ చేస్తా. ఆవిడకి 41 ఏళ్లు, ఇంటి ముందు గదిలోనే కర్రీ పాయింట్ నడుపుతుంది, భర్త ఆటో తోలతాడు, కూతురు ఇంటర్ చదువుతోంది. షుగర్ లేదు, బీపీ లేదు, థైరాయిడ్ నార్మల్, పొగాకు, గుట్కా అలవాటు లేదు. జూన్ లో మొదటిసారి వచ్చినప్పుడు నేను రాసుకున్న ఓపీ షీట్ ఇప్పటికీ నా దగ్గర ఉంది. "రెండేళ్ల పైగా గ్యాస్, తిన్నాక ఛాతీలో బరువు, అప్పుడప్పుడు వాంతి, ఆకలి తక్కువ, బరువు తగ్గుతోంది" అని ఉంది అందులో. బరువు 46 కేజీలు. అంతకుముందు 58 ఉండేదాన్ని అని ఆవిడే చెప్పింది, అదీ రాసుకున్నా. హిమోగ్లోబిన్ 9.2. ఫైల్ అరచేయంత మందం. అందులో పాంటాప్రజోల్, రాబెప్రజోల్ అనే యాసిడ్ తగ్గించే మాత్రలు, వాంతులు ఆపే డొమ్‌పెరిడోన్, లెవోసల్పిరైడ్, రకరకాల సిరప్ లు, ఒకచోట "నరాల వీక్‌నెస్" అని అమిట్రిప్టిలిన్ కూడా ఉంది. ఎనిమిది నెలల కింద వేరే ఊళ్లో చేయించిన ఎండోస్కోపీ రిపోర్ట్ ఉంది, చివర్లో ఇంప్రెషన్ అన్నచోట "స్వల్ప గ్యాస్ట్రైటిస్" (కడుపు లోపొర వాపు) అని రాసి ఉంది. నేను ఆ ఇంప్రెషన్ ఒక్కటే చూశా. పై లైన్లు చదవలేదు. ఆ రోజు ఓపీలో బయట నలభై మంది ఉన్నారు, అది కారణం అవ్వొచ్చు గానీ సాకు కాకూడదు. మాత్ర మార్చి, ఐరన్ రాసి, రెండు నెలల తర్వాత రమ్మన్నా.

మింగడం కష్టం, బరువు తగ్గడం, రక్తహీనత, ఈ మూడూ మేం మెడికల్ కాలేజీలో నేర్చుకున్న ప్రమాద సూచనలే. మూడూ నా చేతిరాతతోనే షీట్ మీద ఉన్నాయి, కాకపోతే మింగడం కష్టం అన్నది "ఛాతీలో బరువు" అయిపోయింది, తిన్నది వెనక్కి రావడం "వాంతి" అయిపోయింది. ఎండోస్కోపీ నార్మల్ గా ఉందిగా అన్న ధీమా ఒకటి.

పది వారాలకి మళ్లీ వచ్చింది, ఈసారి కూతురిని వెంటబెట్టుకుని. బరువు 43. ఆవిడ కూర్చోగానే మళ్లీ "గ్యాస్ తగ్గలేదు సార్" అంది. పక్కన ఆ పిల్ల మాత్రం ఊరుకోలేదు. "సార్, అమ్మ దిండు గలీబు రోజూ నేనే ఉతుకుతా, తెల్లారేసరికి దాని మీద మెతుకులుంటయ్" అంది. రాత్రి తిన్న అన్నం మెతుకులు. నేను అప్పుడు పెన్ను కింద పెట్టి అడిగా, "ఆ వచ్చేది పుల్లగా, చేదుగా ఉంటుందా అమ్మా, గొంతు మండుతుందా?" అని. "లేదు సార్, తిన్నది తిన్నట్టే వస్తది, పప్పు తింటే పప్పు రుచే ఉంటది" అంది.

అక్కడ నాకు ఒళ్లు ఝల్లుమంది. కడుపులోకి వెళ్లిన అన్నం ఆరేడు గంటల తర్వాత వెనక్కి వస్తే అది పులుస్తుంది, యాసిడ్ తగులుతుంది, పైత్యం కలిస్తే చేదెక్కుతుంది. పప్పు పప్పు రుచితోనే వస్తుందంటే అది కడుపు దాకా పోనేలేదని అర్థం. అన్నవాహికలోనే రాత్రంతా కూర్చుని ఉంది.

ఇంకో ప్రశ్న అడిగా, నిజానికి మొదటిరోజే అడగాల్సింది. "నీళ్లు కూడా ఆగుతాయా?" ఆవిడ వెంటనే, ఎన్నాళ్లుగానో ఎవరైనా అడుగుతారేమోనని చూస్తున్నట్టు, "మొదటి నుంచీ అంతే సార్, అన్నం ఆగుద్ది, నీళ్లూ ఆగుద్ది, చల్లనీళ్లైతే ఇంకా ఎక్కువ" అని ఎదురురొమ్ము ఎముక కింది కొస మీద వేలు పెట్టి చూపించింది. ఇది చాలా పెద్ద తేడా. గడ్డ ఉండి దారి మూసుకుపోయేవాళ్లకి ముందు గట్టి ముద్ద ఆగుతుంది, జొన్న రొట్టె, మాంసం ముక్క, తర్వాత కొన్ని వారాలకి మెత్తన్నం, ఆ తర్వాత జావ, చివరికి నీళ్లు, అలా వరసగా వస్తుంది. మొదటి రోజు నుంచే గట్టిదీ నీళ్లూ రెండూ ఆగాయంటే దారిలో అడ్డం కాదు, దారిని నడిపించే నరాల్లోనో కండరంలోనో తేడా ఉందని అనుమానించాలి.

తర్వాత ఫైల్ తీసి పాత ఎండోస్కోపీ రిపోర్ట్ మొదటి లైన్ నుంచి చదివా. అందులో నాలుగో లైన్ లో ఉంది: "అన్నవాహికలో నురుగు, ఆహార అవశేషాలు, పేషెంట్ ఫాస్టింగ్ లో లేరు." ఆవిడని అడిగితే కళ్లల్లో నీళ్లు తిరిగాయి. "ముందు రోజు రాత్రి ఏడింటికి రెండు ఇడ్లీలు తిన్నా సార్, పొద్దున ఏడుకి పరీక్ష, మంచినీళ్లు కూడా తాగలే. తిని వచ్చి అబద్ధం చెప్తున్నావా అని అక్కడ తిట్టారు" అంది. పన్నెండు గంటలు పస్తున్న మనిషి అన్నవాహికలో ఇడ్లీ దొరికితే అది పేషెంట్ అబద్ధం కాదు, అదే డయాగ్నసిస్. రిపోర్ట్ లోనే రాసి పెట్టి ఉంది, పది నెలలుగా ఆ కాగితం ఆవిడ సంచీలోనే తిరుగుతోంది, నా టేబుల్ మీదకి కూడా ఒకసారి వచ్చి వెళ్లింది.

ఫైల్ లో ఛాతీ ఎక్స్‌రే కూడా ఉంది. రాత్రుళ్లు దగ్గు వస్తుంటే టీబీ అనుమానంతో తీయించారు, తెమడ రెండుసార్లు పరీక్ష చేశారు, రెండుసార్లూ నెగటివ్, యాంటీబయాటిక్స్ రెండు కోర్సులు అయ్యాయి. ఆ దగ్గు పడుకున్నాక అన్నవాహికలో నిలవున్నది గొంతులోకి వచ్చి ఊపిరితిత్తుల్లోకి జారడం వల్ల వచ్చింది. ఎక్స్‌రేని లైట్ బాక్స్ మీద పెట్టి చూస్తే గుండె నీడ కుడి అంచు పక్కనే ఇంకో అంచు కనపడింది, అది సాగి వెడల్పైన అన్నవాహిక. ఎడమ డయాఫ్రమ్ (ఛాతీకీ పొట్టకీ మధ్య ఉండే కండరపు పొర) కింద ఉండాల్సిన గాలి బుడగ లేదు. మామూలుగా మనం మింగినప్పుడల్లా కొంచెం గాలి కూడా కడుపులోకి పోతుంది, నిలబడి తీసిన ఎక్స్‌రేలో అది నల్లగా బుడగలా కనపడుతుంది. అకలేషియాలో కింద గేటు తెరుచుకోదు గనక ఆ బుడగ చాలామందిలో ఉండదు. రెండేళ్లు గ్యాస్ కి మందులు మింగిన ఈ మనిషి కడుపులో గ్యాసే లేదు.

ఇంక ఆ రోజు ఒక పని చేశా, పుస్తకాల్లో ఉండదు గానీ నాకు చాలా పనికొచ్చింది. మా క్యాంటీన్ నుంచి ఒక ఇడ్లీ తెప్పించి నా ముందు తినమన్నా. మొదట సిగ్గుపడింది, కూతురు చెప్తే తింది. చిటికెడంత తుంచి, మెత్తగా నమిలి, మింగి, ఆగి, ఒక గుక్క నీళ్లు, మళ్లీ ఆగింది. నాలుగో ముద్దకి లేచి నిలబడింది, నడుము వెనక్కి వంచి, రెండు చేతులూ పైకెత్తి, ఊపిరి బిగపట్టింది, అలా ఒక పది సెకన్లు. తర్వాత "పోయింది సార్" అని కూర్చుంది. ఒక్క ఇడ్లీకి 23 నిమిషాలు, మూడు గ్లాసుల నీళ్లు. ఇంట్లో అందరి ముందూ ఇలా చేయలేక వంటగదిలో ఒక్కతే నిలబడి తింటుందంట. అత్తగారు "తిండి మీద మనసు లేదు దీనికి" అంటుందని, ఒకసారి గాలి సోకిందని తాయెత్తు కూడా కట్టించారని కూతురు చెప్పింది. పెళ్లిళ్లకి వెళ్లడం మానేసి ఏడాది దాటిందంట, బంతిలో కూర్చుంటే అందరూ చూస్తారని.

ఆవిడ చేస్తున్న ఆ పనిలో ఫిజియాలజీ అంతా ఉంది, కొంచెం ఆగి అది చెప్తా.

అన్నవాహిక దాదాపు 25 సెంటీమీటర్ల పొడవున్న కండరాల గొట్టం. ముందు పళ్ల దగ్గర నుంచి కొలిస్తే 15 సెంటీమీటర్ల దగ్గర మొదలై 40 దగ్గర కడుపులో కలుస్తుంది, మనం ఎండోస్కోప్ మీద ఈ అంకెలే చదువుతాం. పైన ఒక గేటు, కింద ఒక గేటు, మామూలప్పుడు రెండూ మూసే ఉంటాయి. ముద్ద మింగగానే పై గేటు ఒక క్షణం తెరుచుకుని మూసుకుంటుంది, అక్కడి నుంచి గొట్టం పై నుంచి కిందికి ఒక అలలా బిగుస్తూ ముద్దని తోసుకుంటూ పోతుంది, కిందికి చేరడానికి సుమారు ఎనిమిది నుంచి పది సెకన్లు. అందుకే తలకిందులుగా ఉన్నా మనిషి మింగగలడు, అన్నం బరువుకి జారడం కాదు అది, తోపు. ఇందులో ముఖ్యమైన సంగతి ఏంటంటే కింది గేటు ముద్ద వచ్చాక తెరుచుకోదు, మింగడం మొదలైన ఒకటి రెండు సెకన్లలోనే, ముద్ద ఇంకా గొంతు దాటుతుండగానే వదులవుతుంది, ముద్ద కడుపులోకి పోయేదాకా వదులుగానే ఉండి తర్వాత మళ్లీ బిగుసుకుంటుంది. మా పేషెంట్లకి నేను చెరువు తూముతో పోల్చి చెప్తా, పొలానికి నీళ్లు వదలాలంటే పైన మనిషి ముందే షట్టర్ ఎత్తాలి కదా, అలా.

ఆ షట్టర్ ఎత్తే మనిషి ఎవరంటే, అన్నవాహిక గోడలో రెండు కండరాల పొరలు ఉంటాయి, లోపల గుండ్రంగా చుట్టుకున్నది ఒకటి, బయట నిలువుగా ఉన్నది ఒకటి, ఆ రెండిటి మధ్య నరాల వల ఉంటుంది, అవర్‌బాక్ ప్లెక్సస్ అంటాం. అందులో రెండు రకాల నరాలు, బిగించు అని చెప్పేవి ఎసిటైల్‌కోలిన్ తో, వదులు అని చెప్పేవి ముఖ్యంగా నైట్రిక్ ఆక్సైడ్ తో పని చేస్తాయి. అకలేషియాలో ఈ వదులు అని చెప్పే నరకణాలు చనిపోతాయి. బిగించేవి చాలావరకు మిగులుతాయి. దాంతో గేటు బిగుసుకునే ఉంటుంది, పై నుంచి రావాల్సిన అల కూడా పోతుంది, ఎందుకంటే అల పుట్టాలన్నా ముందు భాగం వదులై వెనక భాగం బిగుసుకోవాలి, వదలడం తెలియని గొట్టంలో వరస తప్పుతుంది.

ఎందుకు చనిపోతాయంటే, ఏదో వైరస్ వచ్చి పోయాక మన రోగనిరోధక శక్తే ఆ కణాల మీదకి తిరగడం వల్ల అని చాలా ఆధారాలు అటువైపే చూపిస్తున్నాయి. దక్షిణ అమెరికాలో చాగస్ అనే పరాన్నజీవి జబ్బు వల్ల అచ్చం ఇలాంటిదే వస్తుంది. మొత్తమ్మీద అరుదైన జబ్బు, ఏడాదికి లక్ష మందిలో ఒకరికి అటూ ఇటుగా కొత్తగా వస్తుంది. కారం వల్ల రాదు, టైంకి తినకపోవడం వల్ల రాదు, దిగులు వల్ల రాదు. ఇది ఆవిడకి రెండుసార్లు చెప్పా, ఎందుకంటే పొద్దున నాలుగింటికి లేచి పొయ్యి దగ్గర నిలబడి మధ్యాహ్నం మూడుకి తినడం వల్లే తెచ్చుకున్నానని ఆవిడ గట్టిగా నమ్మింది.

ఇప్పుడు ఆవిడ నిలబడి నీళ్లు తాగడం చూడండి. తోపు లేదు, గేటు తెరుచుకోదు, మిగిలింది బరువొక్కటే. అన్నవాహికలో 20 సెంటీమీటర్ల ఎత్తు నీళ్లు నిలబడితే కింది గేటు మీద పడే ఒత్తిడి సుమారు 15 మి.మీ. మెర్క్యురీ. ఆవిడ గేటు వదులవ్వాల్సిన టైంలో కూడా 31 మి.మీ. ఒత్తిడితో బిగుసుకుని ఉందని తర్వాత మానోమెట్రీలో, అంటే అన్నవాహిక లోపలి ఒత్తిడి కొలిచే పరీక్షలో తేలింది. నీళ్లొక్కటే చాలవు, అందుకే చేతులెత్తి, ఊపిరి బిగపట్టి, ఛాతీలో ఒత్తిడి పెంచి మిగతాది తోసింది. ఎవరూ చెప్పకుండా, రెండేళ్లలో తనకి తనే ఈ లెక్క కనిపెట్టుకుంది. అందరూ దాన్ని మొండితనం అనుకున్నారు.

ఇంత స్పష్టంగా ఉన్నా వేరేవి కాదని తేల్చుకోవాలి. హిమోగ్లోబిన్ తక్కువున్న మన ఆడవాళ్లలో కొందరికి ఐరన్ లోపం వల్ల గొంతు కింద పలచని పొర అడ్డంగా పెరుగుతుంది, ప్లమ్మర్ విన్సన్ అంటాం, గోళ్లు స్పూన్ లా గుంటలు పడతాయి, నాలుక నున్నగా ఉంటుంది. కానీ వాళ్లు మెడ దగ్గర చూపిస్తారు, గట్టివే ఆగుతాయి, నీళ్లు హాయిగా పోతాయి. ఇక్కడ ఒక సంగతి, కింద అడ్డం ఉన్నా కొందరికి మెడలో ఆగినట్టు అనిపిస్తుంది, కాబట్టి మెడ చూపిస్తే జబ్బు మెడలోనే ఉందని నమ్మొద్దు, కానీ రొమ్ము ఎముక కింద చూపిస్తే మాత్రం దాదాపు కిందే ఉంటుంది. పడుకునే ముందు మాత్రని నీళ్లు లేకుండా మింగితే అది అతుక్కుని పుండు పడడం ఇంకొకటి, డాక్సీసైక్లిన్ అనే యాంటీబయాటిక్ తో ఎక్కువ చూస్తాం, అది ఒక్కసారిగా నొప్పితో మొదలవుతుంది. అన్నిటికంటే భయం క్యాన్సర్. అన్నవాహిక కడుపులో కలిసే చోట గడ్డ పెరిగి అచ్చం అకలేషియాలాగే నటిస్తుంది, 60 దాటినవాళ్లలో, కొద్ది నెలల్లోనే బాగా చిక్కిపోయినవాళ్లలో దీన్ని ముందు వెతకాలి. ఈవిడకి 41, కానీ 15 కేజీలు తగ్గింది, వదిలేయలేం.

మళ్లీ ఎండోస్కోపీ చేశా, ఈసారి మూడు రోజులు ద్రవాలే ఇచ్చి, ముందు ట్యూబ్ వేసి కడిగించి. అయినా నురుగు, నాలుగైదు మెతుకులు ఉన్నాయి. అన్నవాహిక వెడల్పై ఉంది, అల అన్నది లేదు. 38 సెంటీమీటర్ల దగ్గర గేటు ముడుచుకున్న సంచీ మూతిలా ఉంది, గాలి కొట్టినా తెరుచుకోలేదు, కొద్దిగా నొక్కితే ఒక్కసారిగా జారి లోపలికి పోయింది. గడ్డ ఉంటే ఇలా జారదు, గట్టిగా రాయిలా తగులుతుంది. కడుపులోకి వెళ్లి స్కోప్ వెనక్కి తిప్పి కింద నుంచి చూశా, మొదటి రిపోర్ట్ లో ఈ ఫోటో లేదు, ఎక్కడా పుండు గానీ బొడిపె గానీ లేదు. ముక్కలు తీసి పంపా, క్యాన్సర్ లేదు. ఛాతీ, కడుపు సీటీ కూడా చేయించాం, శుభ్రంగా ఉంది. ఒక మాట, తొలిదశ అకలేషియాలో ఎండోస్కోపీ పూర్తి నార్మల్ గా కూడా ఉండొచ్చు, కాబట్టి మింగడం కష్టం అని మనిషి చెప్తుంటే ఎండోస్కోపీ నార్మల్ అన్నంత మాత్రాన కేస్ మూసేయకూడదు.

తర్వాత బేరియం, ఎక్స్‌రేలో తెల్లగా కనపడే ద్రవం తాగించి చేసే పరీక్ష. మామూలు బేరియం కాదు, టైం పెట్టి తీసేది, నిలబెట్టి బేరియం తాగించి ఒకటి, రెండు, అయిదు నిమిషాలకి ఫిల్మ్ తీస్తారు. ఆరోగ్యవంతులకి నిమిషంలో ఖాళీ అవుతుంది. ఈవిడకి నిమిషానికి 14 సెంటీమీటర్ల ఎత్తున నిలబడి ఉంది, అయిదు నిమిషాలకి 11. కింది కొస సన్నగా, నున్నగా ముల్లంగి తోకలా దిగింది, పుస్తకాల్లో పక్షి ముక్కు అంటారు దీన్నే. ఆ ఫిల్మ్ కూతురికి చూపించి "ఈ తెల్లగా నిలబడ్డదే మీ అమ్మ తిన్న అన్నం" అన్నా. ఆ పిల్ల ఫోన్ తో ఫోటో తీసుకుంది, నాన్నమ్మకి చూపించాలని.

మానోమెట్రీకి హైదరాబాద్ పంపా. ముక్కులోంచి సన్నని గొట్టం వేస్తారు, దాని పొడవునా 36 సెన్సర్లు, పది సార్లు అయిదేసి ఎం.ఎల్. నీళ్లు మింగిస్తారు. పదికి పదీ అల లేదు. గేటు వదులయ్యే ఒత్తిడి 31, ఈ మెషీన్ లో 15 దాటితే తేడా ఉన్నట్టు. పదిలో ఏడుసార్లు అన్నవాహిక పై నుంచి కింది దాకా మూతలు రెండూ వేసిన సీసాలా ఒకేసారి ఒత్తిడెక్కింది. మానోమెట్రీని బట్టి ఈ జబ్బుల్ని రకాలుగా విడదీసే షికాగో క్లాసిఫికేషన్ లో ఇది టైప్ 2 అకలేషియా. మూడు రకాల్లోనూ ట్రీట్మెంట్ కి బాగా లొంగేది ఇదే, అది ఆవిడకి ముందే చెప్పా. ఎకార్ట్ స్కోర్ అని ఒకటి వేస్తాం, మింగడం కష్టం, వెనక్కి రావడం, ఛాతీ నొప్పి, బరువు తగ్గడం, ఒక్కోదానికి మూడు మార్కులు, మొత్తం 12. ఈవిడకి ప్రతి పూటా ఆగుతుంది 3, రోజూ వెనక్కి వస్తుంది 2, అప్పుడప్పుడు నొప్పి 1, పది కేజీల పైన తగ్గింది 3, మొత్తం 9.

ట్రీట్మెంట్ గురించి భార్యాభర్తలిద్దర్నీ కూర్చోబెట్టి మాట్లాడా. ఆయన మొదట అడిగిన ప్రశ్న చాలా మంచిది, "ఆపరేషన్ చేస్తే ఆ నరం మళ్లొస్తదా సార్?" రాదు. చచ్చిపోయిన నరాన్ని ఎవరూ తేలేరు, మనం చేసేది గేటుని వదులు చేయడం, అంతే, ఆ తర్వాత అన్నం బరువుకి జారుతుంది. 1674లోనే ఇంగ్లండ్ లో థామస్ విల్లిస్ అనే డాక్టర్ తిమింగలం ఎముక కొసకి స్పాంజ్ కట్టి పేషెంట్ తోనే అన్నం కిందికి తోయించాడు, ఆ మనిషి ఏళ్ల తరబడి అలాగే తిన్నాడు. అప్పటికీ ఇప్పటికీ సూత్రం ఒకటే, సాధనాలు మారాయి.

ఇప్పుడున్నవి మూడు దారులు. బెలూన్ వేసి 30 మి.మీ. వెడల్పుతో మొదలుపెట్టి, అవసరమైతే 35, 40 దాకా గేటు కండరాన్ని చీల్చేలా సాగదీయడం ఒకటి. ఇది చవక, కానీ మళ్లీ మళ్లీ చేయాల్సి రావొచ్చు, వందలో ఇద్దరు ముగ్గురికి చిల్లు పడొచ్చు, కడుపు, పేగుల్లా అన్నవాహికకి బయట సెరోసా పొర ఉండదు కాబట్టి చిల్లు పడితే నేరుగా ఛాతీ మధ్యలోకి పాకుతుంది. రెండోది కండరాన్ని నిలువుగా కోయడం, 1913లో జర్మనీలో ఎర్న్‌స్ట్ హెల్లర్ మొదలుపెట్టింది, ఇప్పుడు లాపరోస్కోపీలో చేసి, యాసిడ్ వెనక్కి రాకుండా కడుపు పైభాగాన్ని దాని మీద కప్పుతారు. మూడోది పోయెమ్, అదే కండరాన్ని నోట్లోంచి ఎండోస్కోప్ తో వెళ్లి కోయడం, జపాన్ లో హారుహిరో ఇనోయుయే 2008లో మొదటిసారి మనిషికి చేశారు. బొటాక్స్ ఇంజెక్షన్ ఉంది గానీ కొన్ని నెలలే పని చేస్తుంది, ఆపరేషన్ తట్టుకోలేని పెద్దవాళ్లకి తప్ప నేను చెప్పను.

పోయెమ్ ని, ఒక విడత బెలూన్ ని పక్కపక్కన పెట్టి చూసిన ట్రయల్ 2019లో వచ్చింది, రెండేళ్లకి పోయెమ్ తో 92 శాతం మంది బాగున్నారు, బెలూన్ తో 54 శాతం. అదే ఏడాది హెల్లర్ తో పోల్చిన ట్రయల్ లో రెండూ ఇంచుమించు సమానం, 83, 82. కానీ అందులోనే రెండేళ్ల తర్వాత యాసిడ్ వల్ల అన్నవాహిక ఒరుసుకుపోవడం పోయెమ్ వాళ్లలో 44 శాతం, హెల్లర్ వాళ్లలో 29 శాతం. ఇది దాచకుండా చెప్పా. గేటు తీసేసిన ఇంట్లోకి బయటివాళ్లూ వస్తారు, యాసిడ్ కి మాత్ర వాడాల్సి రావొచ్చు అన్నా. ఆవిడ ఒక్క మాటే అడిగింది, "కూర్చుని తినొచ్చా సార్?" తినొచ్చమ్మా అన్నా. పోయెమ్ కే ఒప్పుకున్నారు.

హైదరాబాద్ లో చేశారు, నేనూ వెళ్లి చూశా. మత్తు ఇచ్చేటప్పుడు ముందే అన్నవాహిక పూర్తిగా ఖాళీ చేసి, నిలవున్నది ఊపిరితిత్తుల్లోకి పోకుండా వెంటనే శ్వాసనాళంలో ట్యూబ్ వేశారు, ఈ జబ్బులో మత్తుకి అదే ప్రాణం. అన్నవాహిక మధ్యలో లోపొర కింద నీలిరంగు కలిపిన సెలైన్ ఎక్కించి, చిన్న గాటు పెట్టి, పొరల మధ్య సొరంగం చేసుకుంటూ గేటు దాటి కడుపులోకి మూడు సెంటీమీటర్ల దాకా పోయారు. తర్వాత లోపలి గుండ్రటి కండరాన్ని ఒక్కొక్క పోగు కోసుకుంటూ వచ్చారు. తెరమీద ఆ తెల్లటి పోగులు తెగి విడిపోతుంటే, గేటు దగ్గరికి రాగానే అప్పటిదాకా ఇరుగ్గా ఉన్న చోటు ఒక్కసారి విప్పుకుంది. చివర గాటుని క్లిప్పులతో మూశారు. మర్నాడు కాంట్రాస్ట్ (ఎక్స్‌రేలో కనపడే మందు) తాగించి లీక్ లేదని చూశాక మంచినీళ్లు, తర్వాత జావ, వారానికి మెత్తన్నం.

నీళ్లు తాగిన ఆ మొదటి గ్లాసు గురించి కూతురు ఫోన్ చేసి చెప్పింది. గటగటా తాగేసి, అలవాటు కొద్దీ లేచి చేతులెత్తబోయి, ఆగిపోయిందంట, అప్పటికే నీళ్లు దిగిపోయాయి.

మూడు నెలలకి మా దగ్గరికి వచ్చింది. బరువు 50. ఎకార్ట్ స్కోర్ 9 నుంచి 1. బేరియం నిమిషానికి 3 సెంటీమీటర్లు, అయిదు నిమిషాలకి ఖాళీ. గేటు ఒత్తిడి 31 నుంచి 11. రాత్రి దగ్గు లేదు, దిండు గలీబు వారానికోసారి ఉతుకుతున్నారంట. అల మాత్రం తిరిగి రాలేదు, రాదు కూడా, కాబట్టి తినేటప్పుడు నిటారుగా కూర్చోవాలి, బాగా నమలాలి, నీళ్లు పక్కన ఉండాలి, తిన్న మూడు గంటల దాకా పడుకోకూడదు. ఏళ్ల తరబడి అన్నం నిలవున్న అన్నవాహికలో క్యాన్సర్ వచ్చే అవకాశం మామూలు వాళ్లకంటే ఎక్కువ, అందుకని ముందు ముందు కూడా అప్పుడప్పుడు ఎండోస్కోపీకి రావాలని చెప్పా, షీట్ మీద పెద్ద అక్షరాలతో రాశా.

ఆ రోజు చేసిన ఎండోస్కోపీలో గేటు పైన రెండు చిన్న ఎర్రటి గీతలు కనపడ్డాయి, గ్రేడ్ ఏ, అంటే అన్నిటికంటే తక్కువ స్థాయి, యాసిడ్ వెనక్కి వస్తున్న గుర్తు. అడిగితే ఆవిడ కొంచెం తటపటాయించి, ఛాతీ మీద చెయ్యి పెట్టి, "పదిరోజుల్నుంచి తిన్నాక ఇక్కడ మండుతోంది సార్, నోట్లోకి పుల్లగా వస్తోంది, ఇదివరకెప్పుడూ ఇట్లా లేదు. గ్యాస్ అంటే ఇదేనా?" అంది.

ఇదేనమ్మా అన్నా. పాంటాప్రజోల్ 40, పొద్దున టిఫిన్ కి అరగంట ముందు, మూడు నెలలకి రాసిచ్చా.